ముందు అల పొడవు లెక్కగట్టండి: విద్యుదయస్కాంత తరంగాలకు సమగ్ర మార్గదర్శి

కోనసీమలో జడివాన పట్టుకుందంటే డాబా మీద డిష్ ఉన్నా టీవీలో బొమ్మ ముక్కలై ఆగిపోతుంది. అదే వానలో అరుగు మీద పెట్టిన చిన్న రేడియోలో ఆకాశవాణి విజయవాడ వార్తలు మాత్రం చక్కగా వినిపిస్తూనే ఉంటాయి. రెండూ ఒకే జాతి తరంగాలు. రెండింటి వేగమూ ఒకటే. తేడా అంతా అల పొడవులో, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరంలో ఉంది. డిష్ పట్టే అల పొడవు సుమారు 2.7 సెంటీమీటర్లు, రేడియో పట్టేది 358 మీటర్లు. వానచినుకు మొదటిదాని దారికి అడ్డు తగులుతుంది, రెండోదానికి చినుకు ఉన్నట్టే తెలియదు.

రేడియో తరంగాల నుంచి గామా కిరణాల దాకా వర్ణపటాన్ని పిల్లలు వరుసగా బట్టీ పడతారు. పరీక్ష అయ్యాక అది నిలవదు. ఇక్కడ వేరే దారి పడదాం. ఏ తరంగం ఎదురైనా ముందు దాని పొడవు లెక్కగట్టాలి, తర్వాత చేత్తో కొలవాలి. ఏది దాన్ని ఆపుతుంది, ఏది ఆపలేదు, ఏరియల్ ఎంత ఉండాలి అన్నవన్నీ ఆ ఒక్క అంకె నుంచే వస్తాయి.

కావలసినవి: మీడియం వేవ్ పలికే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, దిక్సూచి ఉన్న ఫోను, కొలత టేపు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అల్యూమినియం ఫాయిల్, మైక్రోవేవ్ ఓవెన్, అరడజను మినప అప్పడాలు, 20 లీటర్ల నీళ్ల క్యాను, టీవీ రిమోటు.

లెక్క

విద్యుత్ క్షేత్రం మారితే దాని పక్కనే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది మారితే మళ్లీ విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ ముందుకు సాగే ఈ జంటే విద్యుదయస్కాంత తరంగం. రెండు క్షేత్రాలూ ఒకదానికొకటి లంబంగా, ప్రయాణ దిశకూ లంబంగా ఉంటాయి. అందుకే ఇది తిర్యక్ తరంగం. మోసుకెళ్లడానికి గాలీ నీరూ అక్కర్లేదు, శూన్యంలోనూ సాగుతుంది. మాక్స్‌వెల్ 1865లో దీన్ని సమీకరణాల్లో చూపాడు, హెర్ట్జ్ 1887-88లో ప్రయోగంతో నిరూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న అలలను పుట్టించి గోడల అవతల ఉన్న గంట మోగించాడు.

శూన్యంలో వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. దీన్ని కొలత అనకూడదు, 1983 నుంచి మీటరు నిర్వచనమే ఈ అంకె మీద నిలబడి ఉంది. రోజువారీ లెక్కకు సెకనుకు 30 కోట్ల మీటర్లు చాలు. ఫ్రీక్వెన్సీ అంటే అల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల సార్లు. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇది:

మీటర్లలో అల పొడవు = 300 ÷ మెగాహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ

విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే 0.837 మెగాహెర్ట్జ్. 300ని దానితో భాగిస్తే 358 మీటర్లు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: కిలోహెర్ట్జ్‌ను మార్చకుండా 837తో భాగించి 36 సెంటీమీటర్లని రాస్తారు. మిగతావి చకచకా చూసేద్దాం. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర 3 మీటర్లు. వేట పడవల వీహెచ్ఎఫ్ సెట్టులో 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్, అంటే 1.91 మీటర్లు. జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్, 19 సెంటీమీటర్లు. ఓవెన్ 2450 మెగాహెర్ట్జ్, 12.2 సెంటీమీటర్లు. డీటీహెచ్ సుమారు 11,000 మెగాహెర్ట్జ్, 2.7 సెంటీమీటర్లు.

ఇప్పుడు రేడియోకున్న ఎఫ్ఎం ఏరియల్‌ను పూర్తిగా లాగి టేపుతో కొలవండి. పెద్ద సెట్టయితే 70, 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 3 మీటర్లలో నాలుగో వంతు అది. ఏరియల్ పొడవు అలలో నాలుగో వంతో సగమో ఉంటే బాగా పడుతుంది. మీడియం వేవ్ కేంద్రాలకు ఆకాశమంత టవర్లు ఎందుకో కూడా దీనితోనే తేలిపోయింది: 358లో నాలుగో వంతు 90 మీటర్లు.

రేడియోతో దిక్కు పట్టడం

మీడియం వేవ్‌కు పైకి లాగే ఏరియల్ పనిచేయదు. డబ్బా లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఆ కడ్డీ మామూలుగా రేడియో పొడవు వెంబడి, పై అంచున అడ్డంగా ఉంటుంది. అది పట్టేది అలలోని అయస్కాంత భాగాన్ని.

1. పగటిపూట, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 లోపు, కాలువ గట్టు మీదికో పొలంలోకో వెళ్లండి. కరెంటు తీగలకు కనీసం 50 మీటర్ల దూరం ఉండాలి.
2. 837 మీద విజయవాడ పట్టండి. సౌండు బాగా తగ్గించండి.
3. రేడియోను నేలకు సమాంతరంగా పట్టుకుని, నిలువు ఇరుసు మీద తిప్పినట్టు నెమ్మదిగా తిప్పండి. పూర్తి చుట్టులో రెండు చోట్ల గొంతు సన్నబడి గరగర పెరుగుతుంది.
4. ఆ చోటును సూటిగా పట్టబోకండి. గొంతు తగ్గడం మొదలైన కోణాన్ని, తిరిగి పెరిగిన కోణాన్ని రాసుకుని మధ్య కోణం తీసుకోండి. కడ్డీ మొన అప్పుడు కేంద్రం వైపు చూస్తుంటుంది.

అమలాపురంలో చేస్తే ఆ మొన దాదాపు నేరుగా పడమర చూపిస్తుంది. విజయవాడ అక్కడికి సుమారు 146 కిలోమీటర్లు, ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉంది. తర్వాత 927 మీద విశాఖపట్నం పట్టి మళ్లీ తిప్పండి. ఈసారి మొన ఈశాన్యానికి తిరుగుతుంది. కాగితం మీద పటం గీసి రెండు ఊళ్ల నుంచి ఆ రెండు దిక్కుల వెంబడి గీతలు గీస్తే అవి కలిసే చోట మీరుంటారు. ఓడల వాళ్లు ఎన్నో ఏళ్లు ఇలాగే దారి చూసుకున్నారు. మొన చూపేది తూర్పా పడమరా అన్న అనుమానం కూడా రెండో గీతతో తీరిపోతుంది.

కడ్డీ కేంద్రం వైపు గురిపెడితే గొంతు ఎందుకు పోతుంది? అల విజయవాడ నుంచి తూర్పుకు వస్తోంది. దాని అయస్కాంత క్షేత్రం ఆ దారికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఊగుతుంది. కడ్డీ తూర్పు పడమరలుగా ఉంటే ఆ ఊపు దాని వెంబడి పడదు, తీగ చుట్టలో కరెంటు పుట్టదు. తిర్యక్ తరంగం అన్న మాటకు అర్థం చెవికి వినిపించే ప్రయోగం ఇంతకంటే సులువైనది లేదు.

గురి తప్పితే కారణం ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది. ఒకటి, రాత్రి చేయడం. పగలు మీడియం వేవ్‌ను పీల్చేసే అయనోవరణం (ఆకాశంలో చాలా ఎత్తున, విద్యుదావేశం ఉన్న గాలి పొరలు) కింది పొర చీకటిపడ్డాక పల్చబడిపోతుంది. అల పై పొరకు తగిలి ఆకాశం నుంచి ఏటవాలుగా కూడా దిగుతుంది, దాని ధ్రువణం, అంటే క్షేత్రం ఊగే దిశ, కలగాపులగమవుతుంది, గొంతు తగ్గే చోటు చెదిరిపోతుంది. రాత్రిళ్లు దూరపు కేంద్రాలు పడేది కూడా ఈ కారణంగానే. రెండు, రేడియో స్పీకరులో అయస్కాంతం. ఫోను దిక్సూచిని దానికి అరమీటరు దూరంలో పెట్టకపోతే తప్పుడు దిక్కు చూపిస్తుంది. మూడు, దగ్గర్లో ఎల్ఈడీ బల్బు, చార్జరు, చెరువు మోటారు స్టార్టరు. వీటి గరగర ఎటు తిప్పినా తగ్గదు.

అప్పడంతో కాంతి వేగం

ఓవెన్ లోహపు పెట్టె. లోపలి అలలు గోడలకు తగిలి వెనక్కి తిరిగి, వచ్చేవీ పోయేవీ కలిసి స్థిర తరంగాలవుతాయి. కొన్ని చోట్ల ఊపు గట్టిగా ఉంటుంది, కొన్ని చోట్ల అసలుండదు. అన్నం గిన్నె ఓ పక్క పొగలు కక్కుతూ ఓ పక్క చల్లగా ఉండటం దీనివల్లే. గాజు పళ్లెం గుండ్రంగా తిరిగేది కూడా ఆ తేడాను సర్దడానికే.

గాజు పళ్లేన్ని, దాని కింది చక్రాల రింగును తీసేయండి. మధ్యలో తిరిగే ఇరుసు ఉంటే దాని మీద పింగాణీ గిన్నె బోర్లించి, పైన అట్టముక్క పరిచి, పచ్చి అప్పడాలను ఖాళీ లేకుండా పేర్చండి. పూర్తి పవరు మీద 20 సెకన్లు పెట్టి అద్దంలోంచి చూస్తుండండి. రెండు మూడు చోట్ల అప్పడం తెల్లగా పొంగగానే ఆపేయాలి. 30 సెకన్లు దాటనివ్వకండి. ఓవెన్‌లో పీల్చుకునే పదార్థం తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువసేపు నడిపితే లోపల అలల్ని పుట్టించే మ్యాగ్నెట్రాన్ దెబ్బతింటుంది, అప్పడమూ మాడి అంటుకుంటుంది.

పొంగిన మచ్చల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలవండి. పక్కపక్క మచ్చల దూరం అలలో సగం. ఓవెన్ వెనక రేకు మీద 2450 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. దూరం 6.1 సెంటీమీటర్లు వస్తే 2 × 0.061 × 245 కోట్లు = సెకనుకు 29.9 కోట్ల మీటర్లు. వంటింట్లో కాంతి వేగం దొరికింది!

కొలత 6.1 కంటే ఎక్కువ వస్తే కంగారు పడొద్దు. పెట్టెలో అలలు గోడల మధ్య ఏటవాలుగానూ తిరుగుతాయి, అప్పుడు అప్పడం మీద మచ్చలు దూరం జరుగుతాయి. నాలుగైదు జంటలు కొలిచి, పదేపదే వచ్చే చిన్న దూరాన్ని తీసుకోండి. పళ్లెం లేకుండా, అలల్ని లోపలే చెదరగొట్టే ఫ్యాను ఉన్న ఓవెన్లలో మచ్చలు నిలవవు. వాటిలో ఈ ప్రయోగం పనికిరాదు.

ఒక అపోహ సరిచేయాలి. నీటి అణువుకు సరిగ్గా 2450 మీదే అనునాదం ఉందని, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే అది గట్టిగా ఊగుతుందని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. నీటి అణువుకు ఓ కొసన ధన, ఓ కొసన రుణ ఆవేశం ఉంటాయి. క్షేత్రం దిశ మారినప్పుడల్లా అణువు దానితో తిరగబోయి పక్కవాటిని ఒరుసుకుని వేడి పుట్టిస్తుంది. ఇంకో ఫ్రీక్వెన్సీలోనూ ఇదే జరుగుతుంది.

జల్లెడ, డబ్బా

ఓవెన్ తలుపు అద్దం లోపల చిల్లుల రేకును దగ్గరగా చూడండి. చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు. 12 సెంటీమీటర్ల అలకు అది గోడే. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని వెలుగు అలకు అది బార్లా తెరిచిన గుమ్మం. కేబుల్ ఆపరేటర్ల పాత పెద్ద డిష్‌లు జాలీతో ఉండటానికీ ఇదే కారణం: 4 గిగాహెర్ట్జ్ (4,000 మెగాహెర్ట్జ్) అల 7.5 సెంటీమీటర్లు, జాలీలోంచి జారిపోదు.

మీడియం వేవ్ రేడియోను స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తే నోరు మూతపడుతుంది. అదే డబ్బాలో ఫోను పెట్టి రింగు ఇస్తే చాలాసార్లు మోగుతుంది. స్టీలు ఆపలేదని కాదు. మూతకూ అంచుకూ మధ్య సన్నటి చీలిక డబ్బా చుట్టూ పొడుగ్గా ఉంది. అల తప్పించుకోవడానికి చీలిక వెడల్పు కంటే పొడవు ముఖ్యం. ఫోనును అల్యూమినియం ఫాయిల్‌తో రెండు పొరలు చుట్టి అంచులు మడిచి నొక్కండి, మోగదు. రేకుల షెడ్డులో సిగ్నల్ బలహీనంగా ఉండి కిటికీ దగ్గరికి రాగానే పుంజుకోవడం ఇదే సంగతి.

నీళ్లు

రౌటరుకూ ఫోనుకూ మధ్య నిండు నీళ్ల క్యాను పెట్టి, వైఫై బలం చూపే యాప్‌లో అంకె చూడండి. ఆరుబయట చేస్తే తేడా బాగా తెలుస్తుంది, గదిలోనైతే గోడల మీద పరావర్తనమైన అలలు చుట్టు తిరిగి వచ్చేస్తాయి. మంచినీళ్లలో ఈ అల రెండు సెంటీమీటర్లు పోయేసరికే శక్తిలో ఎక్కువ భాగం కోల్పోతుంది. ఉప్పునీళ్లలో ఇంకా ముందే ఆగిపోతుంది. 837 కిలోహెర్ట్జ్ అల అయినా సముద్రపు నీటిలో 27 సెంటీమీటర్లకే మూడో వంతుకు పడిపోతుంది.

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు పెట్టేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే మాట. సెన్సారు నీటిలో ఉండొచ్చు, ఏరియల్ ఉండకూడదు. ఇలాంటి పరికరాలు మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ వాడతాయి. అల 34.6 సెంటీమీటర్లు, పావువంతు ఏరియల్ 8.6. తేలే డబ్బా మీద నీటికి జానెడు ఎత్తులో ఏరియల్ పెడితే నీటి మీద పరావర్తనమైన అల తలకిందులై నేరుగా వెళ్లే అలను చంపేస్తుంది. చెరువులో గడకర్ర పాతి రెండు మీటర్ల ఎత్తున కడితే అదే పరికరం గట్టు దాకా సునాయాసంగా అందుతుంది.

డిష్ గురిపెట్టడం

దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది. అమలాపురం నుంచి లెక్క ఇది: దిక్సూచిలో 144.5 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా. ఎత్తు నేల నుంచి 66.5 డిగ్రీలు, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ కొసన సిగ్నల్ పట్టే ముక్క) తిప్పు సుమారు 34 డిగ్రీలు.

1. ముందు డిష్ నిలబెట్టిన గొట్టం నిట్టనిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రి తూకం గుండుతో రెండు వైపులా చూడండి. గొట్టం వంగితే మిగతా కోణాలన్నీ అబద్ధమే.
2. డిష్ వెనక పట్టీ మీది గీతల్లో ఎత్తును 66.5కు బిగించండి. డిష్ ముఖం మాత్రం 42 డిగ్రీల దగ్గరే చూస్తున్నట్టు కనిపిస్తుంది. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ కిందికి ఉండటం వల్ల సుమారు 24 డిగ్రీల తేడా అందులోనే కలిసి ఉంటుంది. తెలియక ముఖాన్ని ఇంకా పైకెత్తితే ఏమీ దొరకదు.
3. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తూ ఎల్ఎన్‌బీని గడియారం ముల్లుకు ఎదురుగా 34 డిగ్రీలు తిప్పండి. ఉపగ్రహం పంపే అల ఒకే తలంలో ఊగుతుంది, ఎల్ఎన్‌బీ లోపలి మొన దానితో కలవాలి. 90 డిగ్రీలు తప్పితే సిగ్నల్ దాదాపు సున్నా.
4. ఇప్పుడు కుడి ఎడమలకు ఒక్కో డిగ్రీ జరుపుతూ, జరిపిన ప్రతిసారీ రెండు సెకన్లు ఆగి, టీవీలో నాణ్యత గీత చూడండి. బలం గీతను పట్టించుకోకండి, వేరే ఉపగ్రహం దొరికినా అది లేస్తుంది.

60 సెంటీమీటర్ల డిష్‌కు చూపు వెడల్పు మూడు డిగ్రీలే. డిగ్రీన్నర జరిగితే సగం పోయినట్టు.

మన దగ్గర అసలు సమస్య కొబ్బరి చెట్టు. 66.5 డిగ్రీల వాలులో ఒక మీటరు ముందుకు పోతే అల 2.3 మీటర్లు పైకి పోతుంది. డిష్ కంటే 14 మీటర్లు ఎత్తున మొవ్వు ఉన్న చెట్టు, ఆగ్నేయంలో 6 మీటర్ల దూరంలో ఉంటే నేరుగా అడ్డం. మట్టలు నాలుగైదు మీటర్లు పరుచుకుంటాయి కాబట్టి 11 మీటర్ల లోపు చెట్టును అనుమానించాలి. ఎండలో బొమ్మ బాగుండి గాలికి ముక్కలైతే మట్టే కారణం. తడి మట్ట పొడి మట్ట కంటే ఎక్కువ ఆపుతుంది. మట్ట పడి డిష్ సొట్టపోతే, అలలో పదో వంతు దాటిన సొట్ట, అంటే 3 మిల్లీమీటర్లు, అప్పుడే దెబ్బతీయడం మొదలుపెడుతుంది. సముద్రపు గాలికి కేబుల్ కనెక్టరు లోపలి రాగి పచ్చబడుతుంది. ఏటా ఒకసారి కోసి కొత్తగా వేసి టేపు చుట్టండి. కనెక్టరు విప్పేముందు సెట్‌టాప్ బాక్సు స్విచ్ ఆపాలి.

తుపాను చూసే కన్ను

మచిలీపట్నం డాప్లర్ రాడార్ అల 10 సెంటీమీటర్ల పైచిలుకు. డీటీహెచ్‌ను ఆపే వాన ఈ అలను పెద్దగా తినేయదు. ముందున్న వానను దాటి వెనకున్న తుపాను దాకా చూడటానికే ఆ పొడవు ఎంచుకున్నారు. మచిలీపట్నం నుంచి అమలాపురం దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు, ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. చినుకులు రాడార్ వైపు సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తుంటే తిరిగొచ్చిన ఫ్రీక్వెన్సీ సుమారు 600 హెర్ట్జ్ పెరుగుతుంది. గాలి వేగం అందులోంచే తీస్తారు. అర డిగ్రీ వాలుతో వెళ్లే కిరణం, భూమి వంపు వల్ల అమలాపురం మీదికి వచ్చేసరికి కిలోమీటరున్నర ఎత్తున ఉంటుంది. రాడార్ బొమ్మలో కనిపించని తుంపర మీ ఇంటి మీద పడుతుండటం అందుకే.

పడవల వీహెచ్ఎఫ్‌కూ ఈ వంపే హద్దు. కిలోమీటర్లలో దూరం = 4.12 × (రెండు ఏరియల్ ఎత్తుల వర్గమూలాల మొత్తం). పడవ మీద 4 మీటర్లు, ఒడ్డున 36 మీటర్లు అయితే 4.12 × (2 + 6) = 33 కిలోమీటర్లు. వాట్లు పెంచితే ఈ హద్దు దాటదు, ఎత్తు పెంచితే దాటుతుంది.

సార్వా నాట్లప్పుడు మబ్బు కమ్మి ఉన్నా వరి విస్తీర్ణం లెక్కించేది కూడా ఇలాంటి అలలతోనే. 2022లో ప్రయోగించిన ఈఓఎస్-04 ఉపగ్రహం 5.5 సెంటీమీటర్ల అలతో మబ్బును దాటి చూస్తుంది. నీళ్లు నిలిచిన మడి అద్దంలా అలను పక్కకు నెట్టేసి నల్లగా కనిపిస్తుంది, పైరు లేచేకొద్దీ తెల్లబడుతుంది.

పొట్టి అలలు

టీవీ రిమోటు ముందు బల్బును ఫోను సెల్ఫీ కెమెరాకు చూపి బటన్ నొక్కండి, ఊదారంగు మిణుకు కనిపిస్తుంది. అది పరారుణం, సుమారు 940 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు). కొన్ని వెనక కెమెరాల్లో దాన్ని ఆపే ఫిల్టరు ఉంటుంది, అందులో కనిపించకపోతే రిమోటు పాడైందనుకోవద్దు.

అల తన శక్తిని ఫోటాన్లనే చిన్న చిన్న పొట్లాలుగా మోస్తుంది, అల పొట్టిదయ్యేకొద్దీ ఒక్కో ఫోటాన్ శక్తి పెరుగుతుంది. ఆ శక్తిని కొలిచే చిన్న కొలమానం ఎలక్ట్రాన్ వోల్టు. ఎలక్ట్రాన్ వోల్టుల్లో శక్తి = 1240 ÷ నానోమీటర్లలో పొడవు. ఆకుపచ్చ వెలుగు 550 దగ్గర 2.25. సెల్ టవరు, వైఫై అలలకు ఒకటిలో లక్షో వంతు, అణువును విడగొట్టే శక్తి వాటికి లేదు. ఎక్కువ మోతాదులో వేడి మాత్రం చేయగలవు. ఎక్స్ కిరణాలకు వేలల్లో ఉంటుంది. అందుకే ఎక్స్‌రే గదిలో సీసపు ఏప్రన్ వేస్తారు, గర్భిణులను ముందే అడుగుతారు.

మధ్యలో ఉన్న అతినీలలోహితాన్ని రొయ్య పిల్లల హేచరీల్లో నీళ్లు శుద్ధి చేయడానికి వాడతారు. 254 నానోమీటర్లు, ఫోటాన్‌కు 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు, క్రిముల డీఎన్ఏను దెబ్బతీయడానికి చాలు. మామూలు గాజు దీన్ని ఆపేస్తుంది కాబట్టి గొట్టం క్వార్ట్జ్‌తో చేస్తారు. దాని మీద పాచి, ఉప్పు పొర పేరుకుంటే నీటికి ఏమీ అందదు. నీళ్లు మడ్డిగా ఉన్నా అంతే, ముందు వడగట్టాలి. వెలుగుతున్న దీపాన్ని చూడకూడదు, కళ్లు ఇసుక పడ్డట్టు మండటం కొన్ని గంటల తర్వాత గానీ మొదలవదు. నీలి వెలుగు కనిపిస్తోంది కదా అని దీపం పనిచేస్తోందనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. 9,000 గంటలు దాటేసరికి 254 నానోమీటర్ల వెలుగు పడిపోతుంది, నీలి వెలుగు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. రాత్రీపగలూ వెలిగితే అది ఏడాదికి కాస్త పైన. కొత్త దీపం బిగించిన రోజే దాని పెట్టె మీద చెరగని పెన్నుతో తేదీ రాసిపెట్టండి.